నూటికి ఐదు పెరిగిన ఆదివారం

మొన్న ఏలూరు కూరల మార్కెట్లో ఒకావిడ నా భుజం తట్టి, "గుర్తుపట్టారాండి?" అంది. మా పాప పుట్టిన కొత్తలో మేం నలభై రోజులు ఉన్నామే, ఆ పిల్లల ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన మనిషి. జుట్టంతా తెల్లబడిపోయింది. పాప ఎలా ఉంది, ఏం చదువుతోంది అని అడిగాక, పోయేముందు చెప్పింది.

"మన సిస్టరుగారు పోయారండి. రెండు నెలలయింది."

ఎలా పోయారో, ఏం జబ్బు చేసిందో ఆయాకి కూడా సరిగ్గా తెలీదు. నల్లజర్ల అవతల వాళ్ల ఊళ్లోనే సమాధి చేశారట. నేను కూరల సంచీ కింద పెట్టి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆ నర్సు గురించి నాకు తెలిసింది తక్కువ. భర్త ఉన్నాడో లేడో, పిల్లలెంతమందో ఏనాడూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. అందరూ సిస్టరుగారు అనేవారు కాబట్టి నేనూ అలాగే అనేదాన్ని. కానీ ఆవిడ చేతులు ఎలా కడుక్కునేవారో మాత్రం ఈ రోజుకీ చూపించగలను. మోచేతుల దాకా రెండుసార్లు సబ్బు పెట్టి, చేతులు రెండూ పైకెత్తి పట్టుకుని, తలుపుని భుజంతో నెట్టుకుంటూ లోపలికి వచ్చేవారు. కళ్లజోడు జారకుండా వెనకనుంచి నల్లదారం కట్టుకునేవారు. కొప్పులో ఎప్పుడూ ఒక పొట్టి పెన్సిలు ఉండేది. పూలు పెట్టుకోగా నేను చూడలేదు, పెన్సిలు లేకుండానూ చూడలేదు.

ఇంకో సంగతి, ఆవిడ పిల్లల్ని కూడా మీరు అనేవారు. కేజీ ఉన్న పసిగుడ్డు దగ్గరకి వంగి, "ఏవండీ, ఇవాళ పాలు కక్కారట. ఏం, నచ్చలేదాండి?" అని అడిగేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తరవాత తెలిసింది, ఆవిడ వేళాకోళానికి అనడం లేదని. జవాబు కోసం నిజంగానే మొహంలోకి చూసేవారు.

మాది కైకలూరు దగ్గర, కొల్లేటిని ఆనుకున్న ఊరు. మావారు కైకలూరులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవారు. రెండు వేల మూడులో, వానలు మొదలైన రోజుల్లో, ఏడో నెల నిండీ నిండకుండానే నాకు నొప్పులొచ్చాయి. పాప పన్నెండు వందల గ్రాములు పుట్టింది. కైకలూరులో కాన్పు చేసిన డాక్టరమ్మ, "ఇక్కడ పెట్టుకోలేను, ఏలూరు తీసుకెళ్లిపోండి" అన్నారు. మా అత్తగారు పాపకి దూది చుట్టి, తన గుండెకి ఆనించి, పైన చీరకొంగు కప్పి వ్యానులో కూర్చున్నారు. ఏలూరు చేరేదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. పాప కదులుతోందో లేదో వినడానికి ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నారు.

ఆసుపత్రిలో మేడ మీద ఒక చిన్న గది. వరసగా మూడు వేడి పెట్టెలు, పైన లైట్లు. మధ్య పెట్టె మా పాపది. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, నేను పిండి ఇచ్చిన పాలు అందులో చుక్కచుక్కగా పోసేవారు. తల్లులం చేతులు కడుక్కుని, పక్కన స్టూలు మీద కూర్చుని, తడిసిన గుడ్డలు మార్చి, ఉతికి, వెనక వరండాలో ఎవరి తీగ మీద వాళ్లం ఆరేసుకునేవాళ్లం. రోజూ పొద్దున్న ఆరింటికి, పాలు పట్టకముందు, పిల్లల్ని తూచేవారు.

పన్నెండు వందలు కాస్తా రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. ఆరో రోజు పొద్దున్న తూకం మిషను వెయ్యిన్నీ ఎనభై చూపించింది. నేను గోడకి జేరబడి ఏడుస్తున్నాను. సిస్టరుగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"ఏమైందండీ?"

"తగ్గిపోతోందండీ. నూట ఇరవై గ్రాములు తగ్గిపోయింది."

"నూట ఇరవై అంటే ఏం తెలుస్తుందమ్మా. ఎంతలో నూట ఇరవై?" కొప్పులోంచి పెన్సిలు తీసి నా చేతిలో పెట్టారు. గోడకున్న పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనక్కి తిప్పి ఇచ్చారు. "వెయ్యండి."

"నాకు లెక్కలు రావండి. లెక్కలు లేని గ్రూపే చదివాను."

"ఇది లెక్కలు కాదండీ. ఇది మీ పాప."

పన్నెండు వందల్లో నూట ఇరవై పోతే, వందలో ఎంత పోయినట్టు? నేను రెండుసార్లు తప్పు వేశాను. ఆవిడ దిద్దలేదు, ఊరుకున్నారు. మూడోసారి నూటికి పది వచ్చింది.

"ఇలా ముందు పుట్టినవాళ్లు మొదటి వారంలో నూటికి పది దాకా తగ్గుతారండి. ఒంట్లో ఎక్కువున్న నీరు పోతుంది. అదే పదిహేను అయి ఉంటే నేనిక్కడ నిలబడి మీతో మాట్లాడుతూ ఉండేదాన్ని కాదు."

బాగుంటుంది, భయపడకండి అని మాత్రం అనలేదు. ఆవిడ నోట ఆ మాటలు నేనెప్పుడూ వినలేదు. ఎవరు ఎంత బతిమాలి అడిగినా, "రేపు చూద్దామండీ" అనేవారు.

మర్నాడు పాప పదిహేను గ్రాములు పెరిగింది. అయినా నాకు సంతోషం నిలవలేదు. ఎందుకంటే పక్క పెట్టెలో బాబు ఇరవై పెరిగాడు. వాళ్లమ్మ మస్తాన్‌బీ, ఏలూరులోనే బట్టలు కుట్టే మనిషి, ఆ ఇరవై సంగతి వాళ్లాయనకి వరండాలోంచి చెప్తోంటే నేను అటు చూడలేకపోయాను. సిస్టరుగారు నా మొహం చూసి ఇద్దర్నీ పిలిచారు. ఒకే కాగితం మీద చెరో పక్కా వెయ్యమన్నారు.

మస్తాన్‌బీ బాబు రెండు వేల గ్రాములు. రెండు వేలలో ఇరవై అంటే నూటికి ఒకటి. నేను పదిహేనుని పన్నెండు వందలతో భాగిస్తున్నాను.

"కింద ఏం పెట్టారండీ?"

"పుట్టినప్పటి బరువండి."

"ఇవాళ పెరిగింది ఎక్కణ్నుంచి పెరిగింది? నిన్నటి నుంచి. అయితే నిన్నటి బరువే కింద పెట్టాలి. కింద ఏది పెడుతున్నారో చూసుకోకపోతే పైనున్న అంకె ఎంతయినా అబద్ధమే చెప్తుందండి."

వెయ్యిన్నీ ఎనభైలో పదిహేను. ఒకటికి పైన, ఒకటిన్నరకి కాస్త లోపల.

"అయితే మా వాడి కంటే ఈ పాపే ఎక్కువ పెరిగిందా సిస్టరుగారూ?" అంది మస్తాన్‌బీ.

"మీ వాడికి కామెర్లు తగ్గితే చాలండి. మీకు ఒకటి సరిపోతుంది. ఈవిడకి ఒకటిన్నర కావాలి. ఒకటికి తగ్గితే నాకు చెప్పండి. రెండున్నర దాటినా నాకు చెప్పండి."

"పెరిగితే మంచిదేగా?" అన్నాను.

"చెప్పండి చాలు," అన్నారు.

ఆ రోజు నుంచి మాకు అదొక అలవాటయింది. పొద్దున్నే తూకం అవగానే మస్తాన్‌బీ, నేను కాగితం మీద వేసుకునేవాళ్లం. ఒకటీ నాలుగు, ఒకటిన్నర, ఒకటీ మూడు. మా అత్తగారు వరండాలో కూర్చుని, "పసిపిల్లకి వడ్డీ లెక్కలు కడుతున్నారేంటమ్మా ఈవిడ" అని సణుక్కునేవారు. కానీ నేను బయటకి రాగానే ముందు అడిగేది ఆవిడే. "ఎంతొచ్చింది? ఒకటిన్నరేనా?" ఒకటిన్నర వచ్చిన రోజు అత్తగారు అన్నం సరిగ్గా తినేవారు. ఒకటీ రెండు వచ్చిన రోజు కంచంలో చెయ్యి కడిగేసుకునేవారు.

తూకం దగ్గర సిస్టరుగారికి పంతాలు ఉండేవి. పాప కింద వేసే గుడ్డని ముందు విడిగా తూచేవారు. తన చెయ్యి పెట్టె అంచుకి తగిలినా మళ్లీ మొదటి నుంచి తూచేవారు. ఒకరోజు వేరే నర్సు పాలు పట్టాక తూచి రాసేసింది. సిస్టరుగారు ఆ అమ్మాయిని గదిలో ఏమీ అనలేదు. బయటకి తీసుకెళ్లి, "పాల బరువు పాలదేనమ్మా, పిల్లది కాదు" అన్నారట. ఆ అమ్మాయే తరవాత మాకు చెప్పింది.

అలా పన్నెండు రోజులు గడిచాయి. పాప పదమూడు వందలకి వచ్చింది. ఇప్పుడు ఆ శనివారం సంగతి చెప్పాలి. ఇన్నేళ్లూ దీన్ని మాటల్లో పెట్టడానికి నేను వెనకాడుతూ వచ్చాను.

ఆ రోజుకి పాప చేతులు, పాదాలు సూదిపోట్లతో కమిలిపోయి ఉన్నాయి. నరం దొరకక తల మీద కూడా జుట్టు కాస్త గొరిగి గుచ్చారు. పాపకి ఏడవడానికి కూడా గొంతు సరిగ్గా వచ్చేది కాదు. నోరు తెరుచుకునేది, అంతే. అది చూడలేక నేను గోడవైపు తిరిగేదాన్ని. అప్పటికి నాకు ఆ గది పద్ధతులు తెలిసిపోయాయి. రోజుకి గుడ్డలు ఎన్నిసార్లు తడిశాయో సాయంత్రం అడిగి కేస్ షీటులో రాస్తారు. ఆరు దాకా ఉంటే ఏమీ లేదు. తగ్గితే రక్తం తీసి పరీక్షకి పంపుతారు.

శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాప రెండుసార్లే తడిపింది.

సిస్టరుగారు డ్యూటీ దిగే ముందు షీటు పట్టుకుని వచ్చారు. "ఎన్నండీ?"

అత్తగారు నా పక్కనే ఉన్నారు. నేను పాప చేతి వైపు చూశాను. మణికట్టు దగ్గర దూది అతికించి ఉంది.

"ఆరండి," అన్నాను.

ఆవిడ నావైపు ఒకసారి చూసి, ఆరు అని రాసి, సంచీ తీసుకుని వెళ్లిపోయారు. అత్తగారు, "పోన్లే, ఒక సూది తప్పింది" అన్నారు.

మర్నాడు ఆదివారం. సిస్టరుగారికి సెలవు. వేరే నర్సు తూచింది. పదమూడు వందల అరవై అయిదు. ఒక్క రోజులో అరవై అయిదు గ్రాములు.

నేనే లెక్క వేశాను. కింద నిన్నటి బరువు పెట్టాను. అరవై అయిదుని వందతో హెచ్చించి పదమూడు వందలతో భాగిస్తే సరిగ్గా ఐదు వచ్చింది. శేషం కూడా లేదు. ఇంతవరకూ ఏ రోజూ రెండు దాటలేదు, ఇవాళ ఐదు. సూది లేకుండా ఉంటే పిల్ల ఎలా పుంజుకుందో చూడు అనుకున్నాను. నేను చెప్పిన అబద్ధమే పాపకి మేలు చేసిందనిపించింది. వరండాలోకి వెళ్లి అత్తగారికి చెప్పాను. ఆవిడ రెండు చేతులూ జోడించారు. కైకలూరుకి ఫోన్ చేయించి మావారికి కూడా చెప్పించారు. రెండున్నర దాటితే చెప్పమన్న మాట నాకు గుర్తుంది. సెలవులో ఉన్న మనిషికి ఎక్కడ చెప్తాం అని సర్ది చెప్పుకున్నాను.

పదకొండింటికి సిస్టరుగారు వచ్చారు. ఆదివారం ప్రార్థన అయ్యాక అలా ఒకసారి వచ్చి పిల్లల్ని చూసిపోవడం ఆవిడకి అలవాటు. ఎప్పుడూ మధ్యాహ్నం వచ్చేవారు, ఆ రోజు మాత్రం తొందరగా వచ్చారు. తెల్లచీర, చంకలో సంచీ. బైబిలు సగం బయటకి కనిపిస్తోంది. నేను కాగితం పట్టుకుని ఎదురెళ్లాను.

"ఐదు వచ్చిందండి సిస్టరుగారూ."

ఆవిడ కాగితం చూశారు. సంచీ నేల మీదే పెట్టేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. అంత తొందరలోనూ సబ్బు రెండుసార్లు పెట్టారు.

పాపని మళ్లీ తూచారు. అంతే ఉంది. ఆయాని పంపి ఎదురుగా ఉన్న కిరాణా కొట్లోంచి కేజీ రాయి తెప్పించి, కడిగి, మిషను మీద పెట్టారు. సరిగ్గా వెయ్యి చూపించింది. మిషనులో తేడా లేదు. అప్పుడు పాప ముంజేతి మీదా కాలి మీదా చూపుడువేలు ఆనించి, మెల్లగా నొక్కి తీశారు. వేలు నొక్కిన చోట గుంట పడింది. అది నిండడానికి చాలాసేపు పట్టింది. గడియారం చూసుకుంటూ పాప ఊపిరి లెక్కపెట్టారు. అయిపోయాక మళ్లీ లెక్కపెట్టారు.

తరవాత నావైపు తిరిగారు. గొంతు ఇంకా తగ్గించారు.

"నిన్న నిజంగా ఎన్నండీ?"

నేను తల దించుకున్నాను.

"రెండండి."

"పొద్దున్నుంచి?"

"ఒకటి. అదీ కొంచెమే."

సిస్టరుగారు షీటు తీసి, నిన్న తను రాసిన ఆరుని అడ్డంగా కొట్టేసి, పక్కన రెండు వేసి, సంతకం పెట్టారు. చిన్న డాక్టరుగారి గదికి నడిచారు. నేనూ వెనకాలే వెళ్లాను.

చిన్న డాక్టరుగారు అప్పుడే చదువు ముగించి చేరిన కుర్రాయన. పెద్ద డాక్టరుగారు ఊళ్లో లేరు, భీమవరంలో ఏదో పెళ్లికి వెళ్లారు. కుర్ర డాక్టరుగారు షీటు చూసి, "బరువు పెరిగింది కదా సిస్టర్. మంచిదే కదా?" అన్నారు.

"మంచిదేనండీ. ఈ బరువు పాపది అయితే."

"అంటే?"

"కండ ఒక్క రోజులో నూటికి ఐదు పెరగదండీ. నీరు పెరుగుతుంది. లోపలికి పోయిందానికీ బయటకి వచ్చిందానికీ లెక్క కుదరడం లేదు. ఒకసారి వచ్చి చూడండి."

"మధ్యాహ్నం రౌండ్సులో చూస్తాను. మీకు ఇవాళ సెలవు కదా."

ఆవిడ కదల్లేదు. కొప్పులోంచి పెన్సిలు తీసి ఆయన బల్ల మీద పెట్టారు. "మీరు కూడా ఒకసారి వెయ్యండి డాక్టరుగారూ. నేను తప్పు వేస్తే ఇంటికి వెళ్లిపోతాను."

ఆ మాటలో పొగరు లేదు, బతిమాలడం కూడా లేదు. ఆయన విసుగ్గానే పన్నెండు రోజుల బరువులూ వరసగా రాసుకుని వేశారు. ఒకటీ నాలుగు, ఒకటిన్నర, ఒకటీ మూడు. చివరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. లేచి గబగబా వచ్చి పాప గుండె మీద స్టెతస్కోపు పెట్టారు. చాలాసేపు విన్నారు. తరవాత ఆయనే పరిగెత్తుకెళ్లి భీమవరానికి ఫోన్ చేశారు.

పెద్ద డాక్టరుగారు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఫోన్లోనే పాలు సగానికి తగ్గించమన్నారు, నీరు లాగేసే ఇంజెక్షను ఒకటి ఇవ్వమన్నారు. వచ్చాక పాప గుండె విని, మాతో చెప్పారు. గుండె దగ్గర ఒక చిన్న దారి ఉంటుంది, పుట్టాక అది మూసుకోవాలి, ఈ పాపకి మూసుకోలేదు, ఊపిరితిత్తుల్లోకీ ఒంట్లోకీ నీరు పడుతోంది, ఇంకో పూట ఆగి ఉంటే కష్టమయ్యేది అన్నారు. అప్పుడు షీటు చేతిలోకి తీసుకున్నారు.

"ఈ కొట్టివేత ఏంటి? నిన్న ఆరని రాసి, ఇవాళ రెండని దిద్దారా?"

చిన్న డాక్టరుగారు, ఆదివారం నర్సు, ఆయా, మస్తాన్‌బీ, మా అత్తగారు, అందరం అక్కడే ఉన్నాం.

"నేనే తప్పు రాశానండీ," అన్నారు సిస్టరుగారు.

"ఇన్నేళ్ల సర్వీసు చేశారు. రెండుకీ ఆరుకీ తేడా తెలీదా? నిన్న సాయంత్రమే రెండు అని రాసుంటే అప్పుడే మందు మొదలుపెట్టేవాళ్లం కదా. ఈ పిల్లకి ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?"

"తప్పేనండీ."

ఆయన ఇంకా చాలా అన్నారు. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి విన్నారు. అత్తగారు నా మొహంలోకి చూశారు. చెప్పు అనో, చెప్పొద్దు అనో నాకు అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో చెప్పడం కష్టం. మందు ఇచ్చారు, ఇక నీరు బయటకి రావాలి. అంతకంటే చేసేదేమీ లేదు. సిస్టరుగారు ఇంటికి వెళ్లలేదు. తెల్లచీర మీదే ఏప్రను కట్టుకుని పెట్టె పక్కన స్టూలు మీద కూర్చున్నారు. పావుగంటకోసారి గుడ్డ కింద చెయ్యి పెట్టి చూసేవారు. ఆ చెయ్యి బయటకి వచ్చినప్పుడల్లా నేను ఆవిడ మొహం చూసేదాన్ని. రెండయింది. రెండున్నరయింది. పాప పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది. మావారు కైకలూరు నుంచి వచ్చి వరండాలో నిలబడ్డారు. పొద్దున్న చేయించిన ఫోను విని, సంతోషంగా ఒక చిన్న గౌను కొనుక్కొచ్చారు. అది కవర్లోంచి తీయలేదు. ఏమైందని ఎవర్నీ అడగలేదు.

మూడుంబావుకి సిస్టరుగారు చెయ్యి బయటకి తీసి, వేళ్లు చూసుకున్నారు. గుడ్డ తీసి మిషను మీద పెట్టి, పొడి గుడ్డ బరువు తీసేసి చెప్పారు.

"పద్నాలుగు గ్రాములండీ."

నేను వరండాలోకి వెళ్లి మావారికి ఆ అంకె చెప్పాను. నాలుగింటికి ఇంకొకటి. ఆ తరవాత గంటలో రెండు. ప్రతి గుడ్డా తూచి రాశారు.

సాయంత్రం ఆవిడ బయలుదేరుతుంటే మెట్ల దాకా వెళ్లాను. "సిస్టరుగారూ, పెద్ద డాక్టరుగారికి నేను నిజం చెప్పేస్తానండి" అన్నాను.

"ముందు పాప దగ్గర ఉండండి," అన్నారు, మెట్లు దిగుతూ.

ఆ మాటని నేను నాకు కావలసినట్టు తీసుకున్నాను. వద్దన్నారు కదా అనుకున్నాను. ఆవిడ వద్దనలేదు. ముందు అన్నారు, అంతే. తరవాత నేను ఎప్పుడూ చెప్పలేదు.

సోమవారం పాప పదమూడు వందల ముప్ఫై. సిస్టరుగారు పెన్సిలు ఇచ్చి, తగ్గింది ఎంతో వెయ్యమన్నారు. నూటికి రెండున్నర తగ్గింది. కాగితం మీద నా కన్నీళ్లు పడుతున్నాయి. ఈసారి తగ్గడమే కావాలని కూర్చుని లెక్క వేస్తున్నాను. మంగళవారం ఇంకో రెండున్నర. బుధవారం నిలిచింది. గురువారం పన్నెండు వందల తొంభై అయిదు నుంచి పద్దెనిమిది గ్రాములు పెరిగింది. ఒకటీ నాలుగు. "రేపు చూద్దామండీ" అన్నారు ఆవిడ. గుండె దగ్గర దారి మందులతోనే మూసుకుందని, మందు మొదలుపెట్టిన రెండో వారంలో డాక్టరుగారు చెప్పారు. నలభై ఒకటో రోజున పదిహేడు వందల నలభైతో ఇంటికి తెచ్చుకున్నాం. వచ్చేరోజు సిస్టరుగారు లేరు. ఊరెళ్లారన్నారు.

తరవాత మావారికి తాడేపల్లిగూడెంలో పని దొరికి అక్కడికి మారిపోయాం. రెండు వేల తొమ్మిదిలో, ఒకటో తరగతి చదువుతున్న పాపని బడి నుంచి తీసుకుని వస్తూ గూడెం బస్టాండులో ఆవిడని చూశాను. ఉల్లిపాయల సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని నల్లజర్ల బస్సు కోసం కూర్చున్నారు. చిక్కిపోయారు. కళ్లజోడుకి అదే నల్లదారం. నేను ఎవరో చెప్పేదాకా పోల్చుకోలేదు. పాపని ముందుకి తోసి, "నూటికి ఐదు పెరిగిందండి ఒక ఆదివారం" అన్నాను. అప్పుడు నావైపు చూశారు.

"కూర్చోండి," అని పక్కకి జరిగారు.

ఆరేళ్లుగా దాచుకున్నది అక్కడే చెప్పేశాను. ఆరు అని అబద్ధం చెప్పింది నేను, మాటలు పడింది మీరు, అంతమందిలో నేను నోరు మెదపలేకపోయాను, నన్ను క్షమించండి అన్నాను. పాప నన్నూ ఆవిడనీ మార్చి మార్చి చూస్తోంది.

ఆవిడ నెమ్మదిగా చెప్పారు.

"మీరు ఆరు అన్నప్పుడే నాకు తెలుసండీ."

నాకు అర్థం కాలేదు.

"మీ దగ్గరకి వచ్చేముందే వెనక వరండాలో చూశాను. మీ తీగ మీద ఉతికి ఆరేసిన గుడ్డలు రెండే ఉన్నాయి. ఆరెలా అవుతుందని ఒక్క క్షణం అనుకున్నాను. అడిగితే మళ్లీ రక్తం తియ్యాలి, డాక్టరుగారిని పిలవాలి, రెండు గంటలు పడుతుంది. మా ఊరికి చివరి బస్సు వెళ్లిపోతుంది. పొద్దున్నుంచి నిలబడే ఉన్నాను, కాళ్లు లాగేస్తున్నాయి. ఆరు అని రాసేసి వెళ్లిపోయాను." సంచీ చెవి సర్దుకున్నారు. "బస్టాండుకి పరిగెత్తాను. ఆ బస్సూ దొరకలేదు. తెలిసినవాళ్లింట్లో పడుకున్నాను, నిద్ర పట్టలేదు. పొద్దున్న చర్చిలో కూర్చున్నాను గానీ ఒక్క మాట చెవికెక్కలేదు. సగంలో లేచి వచ్చేశాను. పెద్ద డాక్టరుగారితో నేనే తప్పు రాశానన్నానే, అది మిమ్మల్ని కాపాడ్డానికి అన్నది కాదండీ. తప్పు రాసింది నేనే."

నేను ఏదో అనబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"మీరు తల్లి. సూదికి భయపడ్డారు. నేను దేనికి భయపడ్డానండీ?"

నల్లజర్ల బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. నేను ఉల్లిపాయల సంచీ పైకి అందించాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, చెయ్యి బయటకి చాచి పాప బుగ్గ తాకారు. బస్సు కదిలింది.

"ఎవరమ్మా ఆవిడ?" అంది పాప.

ఇంటి దాకా నడుచుకుంటూ చెప్పాను. తను పన్నెండు వందల గ్రాములు పుట్టిన సంగతి నుంచి మొదలుపెట్టాను. శనివారం దగ్గరకి వచ్చేసరికి కాసేపు ఆగాను. తరవాత అదీ చెప్పాను.